బయోప్రింటింగ్: రోగ పరిశోధన కోసం ముద్రించే సజీవ కణజాలం

సజీవ కణాలను వాటికి ఆధారంగా నిలిచే జెల్‌తో కలిపి, కంప్యూటర్‌లో గీసుకున్న నమూనా ప్రకారం పొర మీద పొర పేర్చుతూ కణజాలాన్ని తయారుచేసే పద్ధతిని బయోప్రింటింగ్ అంటారు. పత్రికల్లో ఈ పేరు కనబడితే పక్కనే ముద్రించిన గుండె బొమ్మో, మూత్రపిండం బొమ్మో ఉంటుంది. రోగి శరీరంలో అమర్చి పనిచేయించగల గుండె గానీ మూత్రపిండం గానీ ఇంతవరకు ఏ ముద్రణ యంత్రం నుంచీ రాలేదు. చిన్నచిన్న కణజాలపు ముక్కలు మాత్రం ఇప్పటికే పనిలోకి దిగాయి. మనిషి ఒంట్లో రోగం ఎలా మొదలవుతుంది, ఎలా ముదురుతుంది, ఏ మందుకు లొంగుతుంది అన్న ప్రశ్నలకు వాటి మీద జవాబులు వెతుకుతున్నారు. తెలుగునాట ఈ విద్య కంటి ముందు భాగాన పారదర్శక పొరగా ఉండే కార్నియా దగ్గర వేళ్లూనుకుంది. హైదరాబాద్‌లోని మూడు సంస్థలు కలిసి చేసిన ఆ పని ఈ వ్యాసానికి కేంద్రం.

ఎలుక చెప్పని సంగతి

1993లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలో హెపటైటిస్-బి రోగులకు ఫయాల్యురిడీన్ అనే మందు ఇచ్చి చూశారు. పదిహేను మందిలో ఏడుగురికి కాలేయం చెడిపోయింది. ఐదుగురు చనిపోయారు, ఇద్దరు కాలేయ మార్పిడితో బతికి బయటపడ్డారు. అంతకుముందు ఎలుకలు, కుక్కలు, కోతుల మీద జరిపిన పరీక్షల్లో ఈ ప్రమాదం జాడ కూడా కనిపించలేదు. కారణం చాలా ఏళ్ల తర్వాత తేలింది. మానవ కణాల్లో మైటోకాండ్రియా పొర మీద ఉండే ఒక రవాణా ప్రోటీన్ ఆ మందును లోపలికి మోసుకెళ్తుంది. ఎలుక కణాల్లో ఆ ప్రోటీన్ ఆ చోట ఉండదు. అంటే ఎన్ని వందల ఎలుకల మీద పరీక్షించినా ఆ విషం బయటపడే మార్గమే లేదు.

ప్లాస్టిక్ పళ్లెంలో పెంచే మానవ కణాలకు వేరే చిక్కుంది. కణం మనిషిదే అయినా అది బతికే తీరు మనిషి ఒంట్లోది కాదు. గట్టి ప్లాస్టిక్ మీద ఒకే పొరగా పరుచుకున్న కాలేయ కణం కొద్ది రోజుల్లోనే తన పనులు చాలావరకు మరిచిపోతుంది. చుట్టూ ఉండాల్సిన ఇతర రకాల కణాలు, మెత్తని ఆధారం, రక్తనాళపు పొరుగు ఏవీ దానికి దొరకవు. మనుషుల మీద పరీక్షల దశకు చేరిన మందుల్లో పదింట తొమ్మిది మార్కెట్‌కు రాకుండానే ఆగిపోవడానికి ఉన్న కారణాల్లో ఈ రెండు లోపాలూ ఉన్నాయి.

మందుల తయారీకి పేరుపడ్డ హైదరాబాద్‌కు ఇది పరాయి సమస్య కాదు. జీనోమ్ వ్యాలీలో మందుల, టీకాల పరిశోధనశాలలు బారులు తీరి ఉన్నాయి. దేశంలోని పరిశోధనశాలలకు ప్రయోగ జంతువులను సరఫరా చేసిన చరిత్ర తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థది. జంతు పరీక్షల భారం, వాటి పరిమితి రెండూ దగ్గరగా చూసిన ఊరు ఇది.

యంత్రం సంగతి

1988లో అమెరికాలో రాబర్ట్ క్లెబె మామూలు ఇంక్‌జెట్ ప్రింటర్‌ను మార్చి, కణాలను అంటిపెట్టుకోనిచ్చే ప్రోటీన్‌ను కోరిన చోట ముద్రించాడు. 2000 తర్వాత క్లెమ్సన్ విశ్వవిద్యాలయంలో థామస్ బోలాండ్ బృందం సజీవ కణాలనే ప్రింటర్ గుండా పంపి బతికించింది. ఆ తర్వాత యంత్రాలు నాలుగైదు రకాలుగా చీలిపోయాయి. బొట్లు బొట్లుగా చిమ్మేవి కొన్ని, లేజర్ దెబ్బతో కణాలను ఎగరేసి అతికించేవి కొన్ని, వెలుగు పడ్డ చోటల్లా ద్రవాన్ని గట్టిపరిచేవి మరికొన్ని. ఎక్కువ ప్రయోగశాలల్లో కనిపించేది జంతికల గొట్టం తీరులో పనిచేసే రకం: గొట్టంలో కణాలు కలిపిన జెల్, వెనక నుంచి గాలి ఒత్తిడి, ముందు సన్నని సూది, కింద అటూ ఇటూ కదిలే బల్ల.

ఈ సూది దగ్గరే మొదటి బేరం కుదుర్చుకోవాలి. సూది సన్నబడే కొద్దీ గీత నాజూకుగా వస్తుంది గానీ లోపల రాపిడి పెరిగి కణాలు నలిగి చచ్చిపోతాయి. జెల్ పలుచబడితే కణాలు హాయిగా ఉంటాయి, ముద్రించిన ఆకారం మాత్రం కూలిపోతుంది. చిక్కబడితే ఆకారం నిలుస్తుంది, కణాలకు ఊపిరాడదు. ఈ రంగంలో ఏళ్ల తరబడి జరిగిన పనిలో సింహభాగం గీత నాజూకుతనం, ఆకారం, కణాల ప్రాణం ఈ మూడింటి మధ్య పొత్తు కుదర్చడానికే పోయింది.

అసలు కిటుకు సిరాలో

బయోప్రింటింగ్ కథను చాలామంది యంత్రం కథగా రాస్తారు. నా అంచనాలో ఇది ప్రధానంగా సిరా కథ. దీనినే బయో ఇంక్ అంటారు. తొలిరోజుల్లో సముద్రపు నాచు నుంచి తీసే ఆల్జినేట్, జెలటిన్ వంటివి వాడారు. ఆల్జినేట్ మీద కాల్షియం ద్రావణం పోస్తే వెంటనే గడ్డకడుతుంది, ధర తక్కువ, కణాలకు హాని లేదు. అయితే అది కణానికి ఏమీ చెప్పదు. ఒంట్లో ప్రతి కణం చుట్టూ కొల్లాజెన్ పోగులు, చక్కెర గొలుసులు, రకరకాల ప్రోటీన్లు అల్లుకుని ఉంటాయి. దీన్ని కణబాహ్య మాత్రిక అంటారు. తాను కాలేయంలో ఉందో గుండెలో ఉందో కణానికి గుర్తుచేసేది చాలావరకు ఈ అల్లికే.

ఆ అల్లికనే సిరాగా మార్చవచ్చని దారి చూపిన ప్రసిద్ధ పత్రం 2014లో నేచర్ కమ్యూనికేషన్స్‌లో వచ్చింది. దక్షిణ కొరియాలోని పోహాంగ్‌లో డాంగ్-వూ చో బృందం చేసిన ఆ పనికి మొదటి రచయిత ఫల్గుణి పతి. కొవ్వు, మృదులాస్థి, గుండె కండరం నుంచి వేర్వేరుగా తీసిన మాత్రికలతో కణజాలాలను ముద్రించి, ఏ అవయవపు కణాలకు ఆ అవయవపు సిరాయే బాగా నప్పుతుందని ఆ బృందం చూపింది. ఫల్గుణి పతి తర్వాత ఐఐటీ హైదరాబాద్‌లో ఆచార్యుడిగా చేరారు. హైదరాబాద్ కార్నియాకు విత్తనం ఆ సిరాతోనే పడింది.

ఈ సిరా తయారీ ఎలా ఉంటుందో కాస్త దగ్గరగా చూడాలి. ముందు కణజాలాన్ని సన్నని ముక్కలుగా కోసి, కణాల పొరలను కరిగించే డిటర్జెంట్ వంటి ద్రావణాల్లో గంటలూ రోజులూ నెమ్మదిగా తిప్పుతారు. కణాలు, వాటి డీఎన్‌ఏ కొట్టుకుపోయి తెల్లని అల్లిక మిగులుతుంది. ఎండిన అల్లిక మిల్లీగ్రాముకు 50 నానోగ్రాములకు మించి డీఎన్‌ఏ మిగలకూడదన్నది విస్తృతంగా పాటించే కొలత. అంతకు మించితే గ్రహీత ఒంట్లో రోగనిరోధక వ్యవస్థ తిరగబడే ప్రమాదం ఉంది. డిటర్జెంట్ ఆనవాలు మిగిలినా కొత్త కణాలు చచ్చిపోతాయి కాబట్టి మళ్లీ మళ్లీ కడగాలి. మిగిలిన అల్లికను గడ్డకట్టించి ఎండబెట్టి పొడి చేస్తారు. ఆ పొడిని ఆమ్లంలో వేసి, మన కడుపులో ఉండే పెప్సిన్ ఎంజైమ్‌తో జీర్ణం చేయిస్తే చిక్కని ద్రవం వస్తుంది. ఆమ్లత్వం విరిచి కణాలు కలిపితే సిరా సిద్ధం. చల్లగా ఉన్నంతసేపు ఇది ద్రవం. 37 డిగ్రీల ఒంటి వేడి తగలగానే కొల్లాజెన్ పోగులు మళ్లీ తమంతట తామే ముడిపడి జెల్ అవుతుంది. అందుకే ముద్రించేటప్పుడు గొట్టాన్ని చల్లగా ఉంచుతారు.

బంజారాహిల్స్, కంది, హబ్సిగూడ

కార్నియాను ముద్రించిన మూడు సంస్థల్లో ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ బంజారాహిల్స్ రెండో నంబరు రోడ్డులో ఉంది. పటాన్‌చెరు దాటి పోతే సంగారెడ్డి జిల్లా కందిలో ఐఐటీ హైదరాబాద్ ఉంది. మూడోదైన సీసీఎంబీ (కణ, అణు జీవశాస్త్ర కేంద్రం) నగరానికి తూర్పున హబ్సిగూడలో ఉంది.

నేత్ర వైద్య సంస్థకు సినిమావాళ్లతో ఉన్న బంధం పేరుతో ఆగదు. ఏలూరు దగ్గరి సోమవరప్పాడులో పుట్టిన ఎల్.వి. ప్రసాద్ తొలి హిందీ టాకీ ‘ఆలం ఆరా’లో, తొలి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’లో నటించి, దర్శకుడిగా, నిర్మాతగా ఎదిగి 1982లో ఫాల్కే పురస్కారం అందుకున్నారు. గుంటూరులో వైద్యం చదివి, అమెరికాలోని రోచెస్టర్‌లో కార్నియా నిపుణుడిగా పనిచేసి తిరిగొచ్చిన డాక్టర్ గుళ్లపల్లి నాగేశ్వరరావుకు ఆయన ఐదెకరాల స్థలం, కోటి రూపాయలు ఇచ్చారు. 1987లో ఆసుపత్రి మొదలైంది. వైద్యంతోపాటు పరిశోధన కూడా అదే ప్రాంగణంలో జరగాలన్న పట్టుదల మొదటి నుంచీ ఉండటం వల్లే, సీసీఎంబీ సంచాలకుడిగా పనిచేసిన డి. బాలసుబ్రమణియన్ వంటి శాస్త్రవేత్త ఇక్కడికొచ్చి పరిశోధనను నడిపించారు. నల్లగుడ్డు అంచున ఉండే లింబస్ మూలకణాలను పెంచి, కాలిన కంటి మీద నాటే చికిత్స 2000 దశకం తొలినాళ్ల నుంచీ ఇక్కడ సాగుతోంది. సున్నం పొట్లం చిట్లి కళ్లు కాలిన పసిపిల్లలకు ఆశ చూపిన చికిత్స అది. ఆ అనుభవం లేకుంటే ముద్రణ ఆలోచన ఇక్కడ పుట్టేది కాదు.

2022 ఆగస్టులో ఈ మూడు సంస్థలూ కలిసి, మానవ కణజాలంతో ముద్రించిన కార్నియాను కుందేలు కంట్లో అమర్చినట్లు ప్రకటించాయి. దేశంలో ఈ తరహా ప్రయత్నం ఇదే మొదటిది. నేత్ర వైద్య సంస్థ నుంచి డాక్టర్ సయన్ బసు, డాక్టర్ వివేక్ సింగ్, ఐఐటీ నుంచి ఫల్గుణి పతి, సీసీఎంబీ నుంచి డాక్టర్ కిరణ్ కుమార్ బొకారా ఇందులో ముఖ్యులు. సిరా పూర్తిగా మనిషి కంటి నుంచి వచ్చినదే: దానంగా వచ్చినా మార్పిడికి పనికిరాని కార్నియాల మాత్రిక, మానవ నేత్రాల నుంచి తీసిన మూలకణాలు. ఒక దాత కార్నియా నుంచి మూడు ముద్రించవచ్చని, వ్యాసం 3 నుంచి 13 మిల్లీమీటర్ల వరకు అవసరాన్ని బట్టి మార్చుకోవచ్చని బృందం తెలిపింది. పరిశోధనకు కేంద్ర బయోటెక్నాలజీ విభాగం నిధులిచ్చింది. రోగుల మీద పరీక్షల దాకా తీసుకెళ్లే దశకు విజయవాడకు చెందిన శ్రీ పద్మావతీ వెంకటేశ్వర ఫౌండేషన్ ముందుకొచ్చింది.

అంతకు నాలుగేళ్ల ముందు, 2018లో, బ్రిటన్‌లోని న్యూకాజిల్ విశ్వవిద్యాలయంలో చే కానన్ బృందం ఆల్జినేట్, కొల్లాజెన్, మానవ కార్నియా కణాలు కలిపిన సిరాతో పది నిమిషాల లోపే కార్నియా ఆకారాన్ని ముద్రించింది. అది ప్రపంచంలో మొదటిది. హైదరాబాద్ పని ప్రత్యేకత సిరా మొత్తాన్నీ కార్నియా నుంచే తీయడంలోను, దాన్ని ప్రాణమున్న కంటి దాకా తీసుకెళ్లడంలోను ఉంది.

ఈ విద్య తొలి ఫలితాలు కార్నియాలో రావడం కాకతాళీయం కాదు. ముద్రిత కణజాలానికి అతి పెద్ద శత్రువు ఆకలి. రక్తనాళానికి 100 నుంచి 200 మైక్రాన్ల దూరం దాటితే కణానికి ఆక్సిజన్ అందదు. కార్నియాలో రక్తనాళాలే ఉండవు. కన్నీటి నుంచి, లోపలి నేత్రద్రవం నుంచి తన ఆహారం తాను తెచ్చుకుంటుంది. మందం మధ్యలో సుమారు అర మిల్లీమీటరు. ఇన్ని అనుకూలతలున్నా ఒక్క పరీక్ష చాలా కఠినమైనది: పారదర్శకత. మందంలో దాదాపు తొంభై శాతం ఆక్రమించే స్ట్రోమా అనే మధ్య పొరలో 30 నానోమీటర్ల కొల్లాజెన్ పోగులు సమాన దూరాల్లో, పొరలు పొరలుగా పేర్చి ఉంటాయి. ఆ క్రమం చెదిరితే వెలుగు చిందరవందరై కన్ను మసకబారుతుంది. ముద్రించేటప్పుడు సూదిలోని రాపిడి కొల్లాజెన్ పోగులను ఒకే దిశకు తిప్పగలదని పోహాంగ్ శాస్త్రవేత్తలు 2019లో చూపారు. కణాలకు ముప్పు తెచ్చే అదే రాపిడి ఇక్కడ పనికొచ్చింది.

చికిత్స నుంచి రోగ నమూనాకు

హైదరాబాద్ కార్నియా లక్ష్యం చికిత్స. అయితే అమర్చడానికి తగినంత నమ్మకమైన కణజాలం, రోగాన్ని పరిశీలించడానికి అంతకంటే ముందే పనికొస్తుంది. కంట్లో పెట్టాలంటే ఏళ్ల తరబడి నిలవాలి, కుట్లకు ఓర్చుకోవాలి, అనుమతులు రావాలి. ప్రయోగశాలలో కొన్ని వారాలు మానవ కార్నియాలా ప్రవర్తిస్తే చాలు. గాయమైన స్ట్రోమాలో మచ్చ ఎలా కడుతుంది, మూలకణాలు దాన్ని ఎలా ఆపుతాయి అన్న ప్రశ్న సయన్ బసుకు కొత్త కాదు. 2014లో అమెరికాలోని పిట్స్‌బర్గ్ శాస్త్రవేత్తలతో కలిసి, లింబస్ నుంచి తీసిన మానవ మూలకణాలు చుంచు కంట్లో మచ్చను నివారిస్తాయని చూపిన పత్రానికి మొదటి రచయిత ఆయనే. ఆ ప్రశ్నను ముద్రిత మానవ కార్నియా మీద అడగగలగడం పెద్ద ముందడుగు.

కంటి వెనకభాగంలో ఇది ఎంత దూరం వెళ్లగలదో 2022 డిసెంబరులో నేచర్ మెథడ్స్‌లో వచ్చిన పని చెబుతుంది. అమెరికా జాతీయ నేత్ర సంస్థలో కపిల్ భర్తి బృందం వయసు మీరినవారి చూపును కబళించే మాక్యులా క్షీణతను ప్రయోగశాలలో పుట్టించింది. కరిగిపోయే చట్రానికి ఒకవైపు రక్తనాళపు లోపొర కణాలు, వాటిని అంటిపెట్టుకునే పెరిసైట్లు, పోగులు అల్లే ఫైబ్రోబ్లాస్టులు కలిపిన జెల్‌ను ముద్రించారు. అవి తమంతట తామే కేశనాళికలుగా అల్లుకున్నాయి. తొమ్మిదో రోజున రెండోవైపు రెటీనా వర్ణక కణాలను నాటారు. 42వ రోజుకు కణజాలం పరిపక్వమైంది. అప్పుడు దానికి ఒత్తిడి కలిగిస్తే, రోగుల కళ్లలో డాక్టర్లు చూసే డ్రూసెన్ అనే కొవ్వు మేటలు ఏర్పడ్డాయి. ఆక్సిజన్ తగ్గిస్తే రక్తనాళాలు హద్దు దాటి వర్ణక కణాల్లోకి చొరబడ్డాయి. ఆసుపత్రుల్లో కంట్లోకి ఇచ్చే ఇంజెక్షన్ మందు వేస్తే ఆ చొరబాటు ఆగింది. నమూనా రోగిలా జబ్బుపడి, రోగిలా మందుకు లొంగితే తప్ప దాని మాట నమ్మలేం. ఈ పని ఆ రెండు పరీక్షలూ నెగ్గింది.

మిగతా అవయవాల్లో కాలేయం మీదే మందుల కంపెనీల చూపు ఎక్కువ. అమెరికాలోని ఆర్గనోవో సంస్థ 2014లో ముద్రిత కాలేయ కణజాలాన్ని పరీక్షల కోసం అందుబాటులోకి తెచ్చింది. కాలేయానికి హాని చేస్తుందని ఆలస్యంగా తేలిన ట్రోవఫ్లోక్సాసిన్ అనే యాంటీబయాటిక్ విషలక్షణాన్ని ఆ కణజాలం పట్టుకోగలిగింది. మనదేశంలో బెంగళూరు సంస్థ పాండోరమ్ టెక్నాలజీస్ 2015లో ముద్రిత కాలేయ కణజాలాన్ని ప్రకటించింది. క్యాన్సర్ విషయానికొస్తే, 2021లో టెల్ అవీవ్ విశ్వవిద్యాలయంలో రోనిత్ సాచి-ఫైనారో బృందం గ్లియోబ్లాస్టోమా అనే మెదడు కణితిని రోగుల కణాలతోనే, రక్తనాళాలతో సహా ముద్రించింది.

ముద్రణకు తోబుట్టువులు

రోగాన్ని ప్రయోగశాలలో పుట్టించే దారి ముద్రణ ఒక్కటే కాదు. మూలకణాలను సరైన రసాయనాల మధ్య వదిలితే అవే చిన్న అవయవపు ముద్దలుగా పెరుగుతాయి, వాటిని ఆర్గనాయిడ్లంటారు. ఈ ఆర్గనాయిడ్లలో చాలావాటి వెనక షిన్యా యమనాకా 2006లో ఎలుక చర్మకణాలను, 2007లో మానవ చర్మకణాలను మూలకణాల్లా మార్చిన పద్ధతి ఉంది. రోగి చర్మం నుంచో రక్తం నుంచో మొదలుపెట్టి అదే రోగి జన్యులోపంతో రెటీనాను పెంచవచ్చు. ఎల్.వి. ప్రసాద్ సంస్థలో ఇందుమతి మారియప్పన్ బృందం ఇలా రెటీనా ఆర్గనాయిడ్లను పెంచి వంశపారంపర్య నేత్రరోగాలను పరిశీలిస్తోంది. 2020లో కరోనా తొలి నెలల్లో సీసీఎంబీ, బెంగళూరు సంస్థ ఐస్టెమ్‌తో కలిసి మానవ ఊపిరితిత్తుల కణాల్లో వైరస్‌ను పెంచే పనికి పూనుకుంది. అప్పటిదాకా ఆ వైరస్‌ను ఎక్కువగా ఆఫ్రికా కోతి మూత్రపిండ కణాల్లో పెంచేవారు.

ఆర్గనాయిడ్ తన నిర్మాణాన్ని తానే ఎంచుకుంటుంది, రెండు ముద్దలు ఒకేలా రావు. ముద్రణలో ఏ కణం ఎక్కడుండాలో మనం నిర్ణయిస్తాం. మందుల పరీక్షలకు ఒకేలాంటి వంద నమూనాలు కావాలి కాబట్టి అక్కడ ముద్రణదే పైచేయి. జన్యువులు అవయవాన్ని ఎలా మలుస్తాయో తెలుసుకోవడంలో ఆర్గనాయిడ్ మెరుగు. ఈ రెండింటినీ కలిపే ప్రయత్నాలే ఇప్పుడు ఎక్కువ ఆశ కలిగిస్తున్నాయి.

చట్టం కదిలింది

చాలాకాలం కొత్త మందుకు జంతు పరీక్ష చట్టపరంగా తప్పనిసరిగా ఉండేది. 2022 డిసెంబరులో అమెరికా ఆ నిబంధన సడలించింది. 2023 మార్చిలో భారత ప్రభుత్వం కొత్త మందులు, క్లినికల్ పరీక్షల నియమాలు 2019ని సవరించి కణ ఆధారిత పరీక్షలకు, చిప్ మీద కణాలతో అవయవపు పనిని అనుకరించే ఆర్గన్ చిప్‌లకు చోటిచ్చింది. చోటివ్వడం వేరు, వాటి ఫలితాన్ని అధికారి ఒప్పుకోవడం వేరు. ఏ నమూనా ఏ ప్రశ్నకు ఎంతవరకు నమ్మదగినదో ప్రయోగాలతో రుజువు చేసే ప్రమాణాలు ఇంకా రూపుదిద్దుకుంటున్నాయి. ఈ పనిలో హైదరాబాద్ చేతులు కట్టుకుని కూర్చోకూడదు. మందుల కంపెనీలు, కంటి ఆసుపత్రి, కణజీవశాస్త్ర సంస్థ, ఇంజినీరింగ్ సంస్థ ఒకే ఊళ్లో దొరికే చోట్లు దేశంలో మరెన్నో లేవు.

మిగిలిన చిక్కులు

దాత కార్నియా నుంచి తీసే సిరా దాతను బట్టి మారుతుంది. ఇరవై ఏళ్ల వ్యక్తి కొల్లాజెన్, డెబ్బై ఏళ్ల వ్యక్తి కొల్లాజెన్ ఒకటి కావు. ప్రతి విడత సిరానూ కొలిచి సరిచూసుకోకపోతే నమూనాలో కనిపించిన తేడా రోగానిదో సిరాదో తెలియదు. మూలకణాల నుంచి పెంచిన కణాలు పుట్టబోయే శిశువు కణాల్లా అపరిపక్వంగా ఉంటాయి; ముసలితనపు రోగాలను వాటితో చూపడం కష్టం. నాడులు లేకపోవడం మరో లోటు. కార్నియా ఒంట్లోకెల్లా నాడులు దట్టంగా ఉన్న భాగాల్లో ఒకటి, అవి దెబ్బతింటే గాయం మానదు. దానం చేసిన కన్ను మార్పిడికి పనికిరానప్పుడు దాన్ని పరిశోధనకు వాడుకోవడానికి కుటుంబం ముందే స్పష్టంగా ఒప్పుకుని ఉండాలి. ఆ అంగీకారమే లేకపోతే సిరా లేదు.

ముద్రిత కార్నియా మీద ముందుగా పుట్టించి చూడాల్సిన రోగమేదంటే నేను శిలీంధ్రపు పుండు పేరే చెబుతాను. వరికోతలప్పుడు ఆకు కోసుకునో, నూర్పిళ్లలో ధాన్యపు పొట్టు పడో రైతుల, కూలీల కంట్లో ఫ్యుసేరియం, యాస్పర్‌జిల్లస్ బూజులు చేరతాయి. ఎండకాసే మన ప్రాంతాల్లో కార్నియా పుళ్లలో వీటి వాటా చాలా పెద్దది, చల్లని దేశాల్లో స్వల్పం. అందుకే సంపన్న దేశాల పరిశోధన దీని మీద అంతగా దృష్టి పెట్టలేదు. మొదట వాడే మందు నేటికీ నటామైసిన్ చుక్కలే. అది కార్నియా లోతుకు సరిగా దిగదు, ఆలస్యంగా వచ్చిన రోగి తరచు కన్ను పోగొట్టుకుంటాడు. ముద్రిత స్ట్రోమా మీద గీరి బూజు విత్తనాలు వేస్తే అవి రోజుకెంత లోతుకు దిగుతాయో, ఏ మందు ఎంత లోతుకు చేరుతుందో మానవ కణజాలంలోనే కొలవవచ్చు. ఒక్క అవసరం మాత్రం తప్పదు. ఈ పుండులో కార్నియాను కరిగించేది బూజు ఒక్కటే కాదు, దాన్ని తరిమేందుకు గుంపులుగా వచ్చే న్యూట్రోఫిల్ అనే తెల్లరక్తకణాలు కూడా. కాబట్టి అటువంటి నమూనాలో రోగి రక్తం నుంచి అప్పుడే తీసిన తెల్లకణాలను చేర్చాలి. అవి ఒంటి బయట బతికేది కొద్ది గంటలే గనుక, ముద్రణ యంత్రం ఆసుపత్రి ఆవరణలోనే ఉండాలి.